బిట్‌కాయిన్ వ్యాసంలో దొర్లిన ఒక తప్పు గురించి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. మీ పత్రిక బెంగళూరు ఎడిషన్‌కు నేను చాలాకాలంగా చందాదారుణ్ణి. గత ఆదివారం సంచికలో క్రిప్టోకరెన్సీల మీద పూర్తి పేజీ వ్యాసం వేశారు. బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌ను ఎలా విస్తరించాలన్న విషయమై 2015 నుంచి 2017 దాకా నడిచిన వివాదాన్ని అందులో రెండు పేరాల్లో ముగించి, అది ప్రోగ్రామర్ల మధ్య అహంకారపు తగాదా అని తేల్చారు. ఆ పక్కనే బాక్సులో, నెట్‌వర్క్ కంప్యూటర్ శక్తిలో 51 శాతం ఎవరి చేతికి వస్తే వారు 2.1 కోట్లకు మించి నాణేలు పుట్టకూడదన్న పరిమితితో సహా ఏ నిబంధననైనా మార్చేయవచ్చని అచ్చువేశారు. మొదటిది వ్యాసకర్త అభిప్రాయం కాబట్టి దానితో విభేదించి ఊరుకోవచ్చు. రెండోది వాస్తవానికి విరుద్ధం. దాన్ని సవరించమని కోరడానికే ఈ లేఖ. అయితే ఆ వాక్యం ఎందుకు తప్పో చెప్పాలంటే రెండు పేరాల్లో ముగిసిపోయిన ఆ వివాదంలోకే వెళ్ళాలి. అందువల్ల లేఖ కాస్త పొడవయింది, మన్నించగలరు.

నాది అనంతపురం జిల్లా. ఒక జాతీయ బ్యాంకులో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాక, కె.ఆర్.పురంలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో బ్రాంచీల్లో కంప్యూటర్లు లేవు. కౌంటర్ మూశాక ఆ రోజు వోచర్లన్నీ ముందేసుకుని డే బుక్‌తో సరిచూసేవాళ్ళం. ఒక సాయంత్రం 54 రూపాయలు తేడా వచ్చింది. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడితే ఎవరో అంకెలు తారుమారు చేసి రాశారని అనుభవజ్ఞులకు తెలుసు. రాత్రి తొమ్మిదిన్నరకు ఒక సేవింగ్స్ ఖాతాలో 93ను 39గా రాసిన పద్దు దొరికింది. ఆ తర్వాతే మేనేజరుగారితో సహా అందరం ఇళ్ళకు వెళ్ళాం. సొమ్ము ఎవరిదైనా సరే, పద్దు సరిపోయిందో లేదో చూడగలిగిన మనిషి ఒకడు ఉండాలన్నది నాకు ఉద్యోగం నేర్పిన పాఠం. అందుకే 2016లో మా అబ్బాయి బిట్‌కాయిన్ గురించి చెప్పినప్పుడు దాని ధరకన్నా నన్ను ఎక్కువగా ఆకర్షించిన సంగతి మరొకటి ఉంది. బిట్‌కాయిన్ లావాదేవీలన్నీ రాసి ఉండే, 2009 జనవరి 3న మొదలైన చిట్టాను, మొదటి పద్దు నుంచి ఈ నిమిషంలో పడిన పద్దు దాకా, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా ఎవరి ఇంట్లో వారు సరిచూసుకోవచ్చు.

వివాదానికి మూలమైన పరిమితి చాలా చిన్నది. సుమారు పది నిమిషాలకొకసారి కొత్త లావాదేవీలన్నీ ఒక బ్లాక్‌గా చిట్టాలో చేరతాయి. ఆ బ్లాక్ 1 ఎంబీకి మించకూడదని 2010లో సతోషి నకమోటో పేరుతో పనిచేసిన సృష్టికర్తే నిబంధన పెట్టారు. చెత్త లావాదేవీలతో ఎవరైనా నెట్‌వర్క్‌ను ముంచెత్తకుండా పెట్టిన అడ్డుకట్టగానే దాన్ని అప్పట్లో భావించారు. అవసరమైతే భవిష్యత్తులో ఒక బ్లాక్ సంఖ్య నుంచి పెద్ద పరిమితి అమలయ్యేలా మార్చుకోవచ్చని ఆ ఏడాది అక్టోబరులో ఆయనే సూచించారు కూడా. ఆ తర్వాత కొద్దికాలానికే ఆయన తెరమరుగయ్యారు. పరిమితి మాత్రం మిగిలిపోయింది. ఒక లావాదేవీ సుమారు 250 బైట్లనుకుంటే ఒక బ్లాక్‌లో నాలుగు వేలు పడతాయి. పది నిమిషాలంటే ఆరువందల సెకన్లు కాబట్టి సెకనుకు ఆరేడు లావాదేవీలకు మించవు.

ఈ అంకె వినగానే మన దేశంలో ఎవరికైనా యూపీఐ గుర్తుకు రావడం సహజం. 2023 ఆగస్టులో యూపీఐ లావాదేవీలు తొలిసారి నెలకు వెయ్యి కోట్లు దాటాయి. అంటే సెకనుకు సగటున మూడున్నర వేలకు పైమాటే. మా వీధి చివర కొబ్బరిబోండాలమ్మే ఆయనకు స్కాన్ చేసి డబ్బు పంపితే పెట్టె వెంటనే మోగుతుంది. యూపీఐ అంత వేగంగా పనిచేయడానికి కారణం, మధ్యలో ఎన్‌పీసీఐ అనే ఒక సంస్థ ఉండటం, రెండు వైపులా బ్యాంకులు ఉండటం, వాటిపైన రిజర్వు బ్యాంకు ఉండటం. ఆ లెక్కను కొబ్బరిబోండాల ఆయనో నేనో సరిచూడనక్కర్లేదు, సరిచూడలేం కూడా. నేను పనిచేసిన వ్యవస్థ అదే కాబట్టి దాన్ని తక్కువ చేయను. బిట్‌కాయిన్ ఎంచుకున్న పని వేరు. మధ్యవర్తి లేకుండా, నెట్‌వర్క్‌లోని ప్రతి నోడూ, అంటే చిట్టాను తన దగ్గర ఉంచుకుని సరిచూసే ప్రతి కంప్యూటరూ, ప్రతి పద్దునూ తానే తనిఖీ చేసుకోవాలి. అలాంటి చిట్టాలో బ్లాక్ పరిమాణాన్ని పెంచిన ప్రతిసారీ తనిఖీ భారం అందరి మీదా పెరుగుతుంది. వివాదమంతా ఈ ఒక్క చిక్కు నుంచే పుట్టింది.

పెద్ద బ్లాకులు కావాలన్నవారు మూర్ఖులూ కారు, స్వార్థపరులూ కారు. సతోషి తర్వాత ప్రధాన సాఫ్ట్‌వేర్ బాధ్యత చూసిన గావిన్ ఆండ్రెసెన్ వారిలో ముఖ్యులు. 2015లో ఆయన మొదట 20 ఎంబీ ప్రతిపాదించారు. తర్వాత మైక్ హెర్న్ అనే మరో డెవలపర్‌తో కలిసి బిట్‌కాయిన్ ఎక్స్‌టీ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా, 8 ఎంబీతో మొదలై రెండేళ్ళకోసారి రెట్టింపవుతూ ఇరవై ఏళ్ళలో 8 జీబీ దాకా పోయే పథకాన్ని ముందుకు తెచ్చారు. వారి వాదనలో బలముంది. బ్లాకులు నిండిపోతే ఫీజులు పెరుగుతాయి, ఫీజులు పెరిగితే చిన్న మొత్తాలు పంపేవాళ్ళు దూరమవుతారు, అప్పుడు ప్రజల నగదుగా పుట్టింది కాస్తా ధనికుల ఖజానా అవుతుంది. ఆ హెచ్చరిక నిజమైంది కూడా. 2017 డిసెంబరులో ఒక్క లావాదేవీకి సగటు ఫీజు 50 డాలర్లు దాటిన రోజులున్నాయి. వెయ్యి రూపాయలు పంపాలంటే మూడు వేలకు పైగా ఫీజు కట్టవలసిన వ్యవస్థను చూసి ఎవరైనా పెదవి విరిస్తే నేను వాదనకు దిగను.

చిన్న బ్లాకులే ఉండాలన్నవారు మాత్రం నెట్‌వర్క్‌ను ఎవరు కాపలా కాస్తారని అడిగారు. బ్లాక్ పెద్దదయ్యేకొద్దీ అది ప్రపంచమంతా చేరడానికి ఎక్కువ సమయం పడుతుంది. కంప్యూటర్ శక్తి వెచ్చించి కొత్త బ్లాకులు తయారుచేసే పనిని మైనింగ్ అంటారు, దాన్ని కలిసికట్టుగా చేసే బృందాలే మైనింగ్ పూల్స్. మంచి లైన్లున్న పెద్ద పూల్స్‌కు లాభం, చిన్నవాటికి నష్టం. అప్పటికే మైనింగ్‌లో పెద్ద భాగం చైనాలోని కొద్ది పూల్స్ చేతుల్లో ఉండేది. దేశం దాటి వెళ్ళే ఇంటర్నెట్ నెమ్మదిగా ఉంటుంది కాబట్టి 20 ఎంబీ తమకే కష్టమని, 8 ఎంబీ వరకైతే అంగీకారమేనని ఆ పూల్సే 2015లో ప్రకటించాయి. ఇక ఇంట్లో నోడ్ నడిపే మామూలు మనిషి సంగతి చెప్పనక్కర్లేదు. 1 ఎంబీ లెక్కన రోజుకు 144 బ్లాకులంటే 144 ఎంబీ, ఏడాదికి 52 జీబీ. 8 జీబీ బ్లాకులు నిండుగా వస్తే రోజుకు టీబీకి పైనే.

ఈ లెక్క కాగితం మీద చూడటం వేరు, ఇంట్లో చూడటం వేరు. 2021లో మా అబ్బాయి పక్కన పడేసిన పాత ల్యాప్‌టాప్‌కు ఒక 2 టీబీ డిస్కు తగిలించి, టీవీ కింది అరలో పెట్టి నోడ్ మొదలుపెట్టాం. పాత పద్దుల మీది సంతకాలను మళ్ళీ పరీక్షించకుండా దాటవేసే వెసులుబాటు ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది. బ్యాంకు అలవాటు కొద్దీ దాన్ని ఆపించాను. మొత్తం పరీక్ష పూర్తవడానికి పదకొండు రోజులు పట్టింది. 2009, 2010 సంవత్సరాలు కాఫీ తాగి వచ్చేలోపు గడిచిపోయాయి. అప్పట్లో బ్లాకులు దాదాపు ఖాళీ. 2017 దగ్గరికొచ్చేసరికి ల్యాప్‌టాప్ ఫ్యాను మోత వంటింట్లోకి వినిపించింది. రెండుసార్లు కరెంటు పోయి, ఒకసారి యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. పన్నెండో రోజు ఉదయం తెరమీద తేదీ ఆ రోజు తేదీతో కలిసినప్పుడు, వెనకటి రోజుల్లో ట్రయల్ బ్యాలెన్స్ కుదిరితే కలిగిన తృప్తి కలిగింది. ఇప్పుడా చిట్టా 600 జీబీ దాటింది. ఆ డిస్కులో ఇంకా చోటుంది. 8 జీబీ బ్లాకుల పథకమే చివరిదాకా అమలై ఉంటే అదే డిస్కు రెండు రోజులకు సరిపోయేది కాదు. కంప్యూటర్లూ డిస్కులూ ఏటేటా చవకవుతాయి కదా అనవచ్చు. అవుతాయి, కానీ రెండేళ్ళకోసారి కచ్చితంగా రెట్టింపయ్యే భారంతో మధ్యతరగతి ఇల్లు పోటీపడుతుందని నేను నమ్మను.

ఇక అసలు విషయం. ఈ రెండు వాదనల్లో ఏది నెగ్గాలో ఎవరు నిర్ణయించాలి? వాటాదారుల సమావేశం లేదు, డైరెక్టర్ల బోర్డు లేదు, ఎన్నికల సంఘం లేదు. మీ వ్యాసకర్త అనుకున్నట్లు కంప్యూటర్ శక్తే ఓటయితే ఆ వివాదం 2017 మే నెలలోనే ముగిసిపోవాలి. ఎందుకు ముగియలేదో చెప్పడానికి కొంత వెనక్కి వెళ్ళాలి.

2015 డిసెంబరులో హాంకాంగ్‌లో జరిగిన సమావేశంలో పీటర్ వూల్లా అనే డెవలపర్ సెగ్‌విట్ అనే మార్గాన్ని వివరించారు. లావాదేవీ మీది సంతకాలను విడిగా లెక్కగట్టడం ద్వారా పాత నిబంధనలను ఉల్లంఘించకుండానే బ్లాక్‌లో చోటు పెంచే పద్ధతి అది. దాని వల్లే, చిట్టాకు బయట చిన్న చెల్లింపులు జరుపుకుని చివరి నిల్వను మాత్రం చిట్టాకెక్కించే లైట్నింగ్ వంటి ఏర్పాట్లకు కూడా దారి సుగమమైంది. కాని అమలుకు వరుసగా 2,016 బ్లాకుల (అంటే సుమారు రెండు వారాల) గడువులో 95 శాతం మైనింగ్ మద్దతు కావాలని షరతు ఉండేది. 2016 నవంబరులో బ్లాకుల్లో మద్దతు సంకేతాలు మొదలైనా, నెలలు గడిచినా మద్దతు మూడో వంతు చుట్టూనే తచ్చాడింది. పెద్ద బ్లాకులు కోరే పూల్స్ కదల్లేదు. అంతకుముందు 2016 ఫిబ్రవరిలో హాంకాంగ్‌లోనే కొందరు డెవలపర్లూ మైనింగ్ ప్రతినిధులూ కూర్చుని కుదుర్చుకున్న రాజీ కూడా నిలవలేదు. విసిగిపోయిన కంపెనీలు 2017 మే 23న న్యూయార్క్ ఒప్పందం ప్రకటించాయి. 22 దేశాలకు చెందిన 58 కంపెనీలు, 83 శాతానికి పైగా మైనింగ్ శక్తి దాని వెనక ఉన్నాయి. ముందు సెగ్‌విట్, ఆరు నెలల్లో బ్లాక్ మూల పరిమాణం 2 ఎంబీకి పెంపు అన్నది ఒప్పందం సారాంశం. నాణేల కొనుగోళ్ళూ అమ్మకాలూ జరిపే ఎక్స్ఛేంజీలూ, నాణేలు దాచుకునే సాధనాలిచ్చే వాలెట్ కంపెనీలూ, మైనింగ్ పూల్సూ ఒక్క మాట మీద నిలబడితే ఎదురేముంటుందని అందరూ అనుకున్నారు.

ఎదురు నిలిచింది నోడ్లు నడిపేవాళ్ళు. ఆగస్టు 1 నుంచి సెగ్‌విట్‌కు మద్దతు సూచించని బ్లాకులను తమ నోడ్లు తిరస్కరిస్తాయని ఒక వర్గం అప్పటికే ప్రకటించి, అందుకు తగిన సాఫ్ట్‌వేర్ వేసుకోవడం మొదలుపెట్టింది. వారి సంఖ్య మొత్తం నోడ్లలో తక్కువే. వారి బెదిరింపుకు మైనింగ్ పూల్స్ లొంగాయా, న్యూయార్క్ ఒప్పందం ప్రకారమే నడుచుకున్నాయా అన్నది ఇప్పటికీ వాదోపవాదాల్లో ఉన్న ప్రశ్న. నా ఉద్దేశంలో రెండూ పనిచేశాయి. ఒప్పందం పూల్స్‌కు గౌరవంగా తప్పుకునే దారి చూపింది, గడువు ఆ దారిలో త్వరగా నడిపించింది. జులైలోనే మద్దతు పోగయింది. ఆగస్టు 24న సెగ్‌విట్ అమల్లోకి వచ్చింది. మధ్యలో ఆగస్టు 1న పెద్ద బ్లాకుల వర్గంలో ఒక భాగం విడిపోయి 8 ఎంబీ పరిమితితో బిట్‌కాయిన్ క్యాష్ పేరిట తమ చిట్టాను తాము మొదలుపెట్టుకుంది.

ఒప్పందంలో రెండో సగం, అంటే 2 ఎంబీ పెంపు, నవంబరులో అమలు కావలసింది. అందుకు నిబంధన మారాలి. నిబంధన మారాలంటే ప్రతి నోడూ కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి. వేసుకోని నోడ్ దృష్టిలో కొత్త బ్లాక్ తప్పుడు వోచరే. దాని వెనక ఎంత విద్యుత్తు ఖర్చయినా, ఎన్ని లక్షల యంత్రాలు పనిచేసినా పాస్ కాదు. చాలామంది వేసుకోలేదు. విడిపోతే ఏ నాణేనికి ఎంత విలువ ఉంటుందో ముందే పందెం కాసే ఫ్యూచర్స్ వ్యాపారంలో కూడా కొత్త నాణెం పాతదానికన్నా చాలా తక్కువకు పలికింది. 2017 నవంబరు 8న ఒప్పందకర్తల్లో ముఖ్యులు తగినంత ఏకాభిప్రాయం లేదని అంగీకరిస్తూ పెంపును విరమించుకున్నారు. 83 శాతం శక్తి చేతిలో ఉన్నవారు బ్లాక్ పరిమాణాన్ని పెంచలేకపోయారు. మీ బాక్సులోని వాక్యం ప్రకారం 51 శాతం ఉన్నవారు ఏకంగా నాణేల పరిమితినే మార్చేయగలగాలి!

సగానికి మించిన మైనింగ్ శక్తితో చేయగలిగిన కీడు లేకపోలేదు. తాము పంపిన సొమ్మును వెనక్కి తిప్పి మళ్ళీ ఖర్చుపెట్టవచ్చు, ఇతరుల తాజా లావాదేవీలను చిట్టాకెక్కకుండా అడ్డుకోవచ్చు. అవి చిన్న విషయాలు కావు. కాని ఇతరుల నాణేలను తీసుకోలేరు, నిబంధనకు మించి కొత్తవి పుట్టించలేరు. 2010 ఆగస్టు 15న సాఫ్ట్‌వేర్ లోపం వల్ల ఒకే బ్లాక్‌లో 18,400 కోట్లకు పైగా నాణేలు పుట్టిన ఉదంతం ఒకటుంది. లోపం బయటపడగానే సవరించిన సాఫ్ట్‌వేర్ వచ్చింది, దాన్ని వేసుకున్న నోడ్లు ఆ బ్లాక్‌ను కాదన్నాయి, గంటల వ్యవధిలోనే చిట్టా సరైన దారిలో పడింది. అప్పుడు వాడేవాళ్ళు కొద్దిమంది కాబట్టి పని సులువయింది. 2013 మార్చిలో రెండు వెర్షన్ల మధ్య తేడా వల్ల చిట్టా రెండుగా చీలినప్పుడు, పెద్ద పూల్స్ తమ ఆదాయం పోగొట్టుకుని మరీ పాత వెర్షన్‌కు వెనక్కి వచ్చాయి. అందరి ప్రయోజనమూ ఒకటైనప్పుడు ఈ వ్యవస్థ ఎంత త్వరగా కదలగలదో, ప్రయోజనాలు వేరైనప్పుడు ఎంత మొండిగా నిలబడుతుందో ఈ ఘట్టాలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఇలా రాస్తున్నానని ఈ పాలనను ఆదర్శంగా చూపుతున్నానని అనుకోకండి. నా అభ్యంతరాలు నాకున్నాయి. ప్రధాన సాఫ్ట్‌వేర్‌లో మార్పులు చేర్చే అధికారం ఉన్నవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వారి మాటను ఎవరైనా కాదనవచ్చన్నది నిజమే అయినా, నూటికి తొంభై మంది చదవకుండానే కొత్త వెర్షన్ వేసుకుంటారు. 2018 సెప్టెంబరులో నాణేలు అదనంగా పుట్టడానికి వీలిచ్చే తీవ్రమైన లోపం ఒకటి ఆ సాఫ్ట్‌వేర్‌లో బయటపడింది. దాన్ని కనిపెట్టి గుట్టుగా తెలియజేసింది విడిపోయిన బిట్‌కాయిన్ క్యాష్ వర్గానికి చెందిన డెవలపర్. అంత కటువైన తగాదా తర్వాత కూడా ఆయన చూపిన మర్యాద నాకు గొప్పగా అనిపించింది. అదే సమయంలో, సొంత గూటిలో అన్ని కళ్ళుండీ దాన్ని ఎవరూ చూడలేదన్న దిగులు కూడా పట్టుకుంది. విడిపోయినవారికీ నెమ్మది దొరకలేదు. 2018 నవంబరులో బిట్‌కాయిన్ క్యాష్ మళ్ళీ రెండుగా చీలింది. పరిమాణం గురించి ఒకసారి విడిపోయినవారు, ఈసారి పరిమాణంతో పాటు ఇతర నిబంధనల మార్పుల గురించి కూడా విడిపోయారు.

మరో క్రిప్టోకరెన్సీ నెట్‌వర్క్ అయిన ఇథీరియం దారి వేరు. 2016 జూన్‌లో డావో అనే ఉమ్మడి నిధి నుంచి ఒక లోపాన్ని ఆసరా చేసుకుని 36 లక్షల ఈథర్‌ను (ఇథీరియం నాణేలను) ఎవరో తరలిస్తే, జులై 20న చిట్టానే సవరించి సొమ్ము వెనక్కి ఇప్పించారు. ఒప్పుకోనివారు ఇథీరియం క్లాసిక్‌గా మిగిలారు. నష్టపోయినవారికి న్యాయం జరిగింది, కాదనను. బ్యాంకు మనిషిగా మాత్రం నాకు ముగిసిన రోజు పద్దును పెద్దలంతా కూడి దిద్దడం మింగుడుపడదు.

విస్తరణ వివాదం సమసిపోయిందనీ అనుకోలేం. 2023 నుంచి బొమ్మలూ రాతలూ బిట్‌కాయిన్ చిట్టాలోకి ఎక్కించడం మొదలై ఫీజులు పలుమార్లు పెరిగాయి. 2025 అక్టోబరులో వచ్చిన ప్రధాన సాఫ్ట్‌వేర్ 30వ వెర్షన్, అదనపు సమాచారానికి అంతకుముందున్న 80 బైట్ల చిల్లర పరిమితిని చాలావరకు సడలించింది. నచ్చనివారు బిట్‌కాయిన్ నాట్స్ అనే మరో సాఫ్ట్‌వేర్‌కు మారారు. పదేళ్ళ కిందటి ప్రశ్నే మళ్ళీ ముందుకొచ్చింది. ఇళ్ళలో నోడ్లు నడిపేవాళ్ళ డిస్కుల మీద ఎవరి సరుకును ఎంతవరకు మోయించవచ్చు? దీనికి తోడు, 2024 ఏప్రిల్ నుంచి బ్లాక్‌కు 3.125 నాణేలకు తగ్గిన మైనింగ్ బహుమానం నాలుగేళ్ళకోసారి సగమవుతూనే ఉంటుంది. ఆ లోటును ఫీజులే పూడ్చాలి. చిన్న బ్లాకుల పక్షాన నిలబడినవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్న నన్ను ఎక్కువగా వెంటాడుతుంది. ఫీజులు తక్కువైతే కాపలా పలచబడుతుంది, ఎక్కువైతే సామాన్యుడు చిట్టాకు దూరమవుతాడు. దీనికి జవాబు తెలిసిన మనిషిని నేనింకా చూడలేదు.

మన తెలుగు పాఠకులకు ఇదంతా ఎందుకంటారేమో. నా సొంత అనుభవం చెబుతాను. 2017లో నాకున్న కొద్దిపాటి బిట్‌కాయిన్ ఒక ఎక్స్ఛేంజీలో ఉండేది. ఆగస్టు 1న చిట్టా చీలినప్పుడు, అంతకుముందు తమ తాళం, అంటే నాణేలు ఖర్చుపెట్టడానికి కావలసిన రహస్య సంఖ్య, తమ దగ్గర పెట్టుకున్న ప్రతివారికీ రెండు వైపులా నాణేలు దక్కాయి. నాకు దక్కలేదు. మూడు నెలలు ఈమెయిళ్ళు రాస్తే, చీలికలో వచ్చిన నాణేలు ఇవ్వాలా వద్దా అన్నది తమ విధాన నిర్ణయమని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. కంపెనీ బోనస్ షేర్లు ఇస్తే డిపాజిటరీ ఖాతాదారుకు జమచేసి తీరాలి. ఇక్కడ అడిగే దిక్కు లేదు. సొమ్ముకన్నా నన్ను ఎక్కువగా బాధించింది ఇంకొకటి. ఆ ఏడాదంతా ఏ నిబంధనలు ఉండాలో ప్రపంచమంతా తేల్చుకుంటున్నప్పుడు, ఎక్స్ఛేంజీలో నాణేలు పెట్టిన నావంటివారి మాట ఆ ఎక్స్ఛేంజీ మాటగానే చెల్లుబాటయింది. మేము ఎటువైపో మమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఈ బెంగళూరులో మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా మనవాళ్ళు ఎందరో జీతంలో కొంత వీటిలో పెడుతున్నారు. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను, ఆ జులై నుంచి అమ్మకం మీద ఒక శాతం టీడీఎస్ కడుతున్నారు. 2025 అక్టోబరులో మద్రాసు హైకోర్టు క్రిప్టోకరెన్సీని ఆస్తిగా గుర్తించింది. పన్ను కట్టే ఆస్తి అయినప్పుడు దాని నిబంధనలు ఎవరు మార్చగలరో, ఎవరు మార్చలేరో తెలుసుకునే హక్కు దాని యజమానికి ఉంటుంది. తెలుగు పత్రికల్లో రోజూ వాటి ధర వస్తుంది. ధర పడిన రోజు పెద్ద అక్షరాల్లో వస్తుంది. నిబంధనల మీద జరిగే వాదన మాత్రం రాదు. వచ్చిన ఒక్కసారీ తప్పుగా వచ్చింది కాబట్టే ఇంత దూరం రాయవలసి వచ్చింది.

కాబట్టి నా విన్నపం ఇది. వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు బాక్సులో సవరణ వేయగలరు. మీకు అభ్యంతరం లేకపోతే ఈ మాటలే వాడుకోవచ్చు: "మైనింగ్ శక్తిలో సగానికి మించి చేతిలో ఉన్నవారు తాజా లావాదేవీలను వెనక్కి తిప్పగలరు లేదా అడ్డుకోగలరు. 2.1 కోట్ల నాణేల పరిమితిని వారు మార్చలేరు. దాన్ని మార్చాలంటే నోడ్లు నడిపేవారు, ఆ నాణేన్ని సొమ్ముగా తీసుకునేవారు కొత్త నిబంధనలున్న సాఫ్ట్‌వేర్‌ను తమంతట తాము వేసుకోవాలి." మీ బెంగళూరు కార్యాలయం నుంచి ఎవరైనా వస్తే మా ఇంట్లో నడుస్తున్న నోడ్‌ను చూపించి, నిబంధన తప్పిన బ్లాక్‌ను అది ఏ దశలో, ఏ కారణంగా తిరస్కరిస్తుందో వివరించగలను. ఉదయం పది దాటాక ఎప్పుడైనా ఇంట్లోనే ఉంటాను.

భవదీయుడు,
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి,
కె.ఆర్.పురం, బెంగళూరు